పెరటి చెట్టు పనికొచ్చిన కథ

1926 ఏప్రిల్ 11న కాలిఫోర్నియాలోని శాంటా రోజా ఊళ్ళో లూథర్ బర్బాంక్ చనిపోయాడు. అదే నెల 26న నెబ్రాస్కా రాష్ట్రంలో ఫ్లాయిడ్ జైగర్ పుట్టాడు. మొదటాయన ప్లమ్‌నీ ఆప్రికాట్‌నీ కలిపి ప్లమ్‌కాట్ అనే పండు తీశాడు. అది ముందుకు సాగక ఆగిపోయిన చోట రెండో ఆయన అందుకుని ప్లువాట్ తీశాడు. మా నాయనమ్మ ఉండి ఉంటే, ఆ ముసలాయనే పదిహేను రోజుల్లో మళ్ళీ పుట్టాడని తేల్చేసి తన పని తాను చూసుకునేది. నేను డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరయినదాన్ని గనుక అంత తేలిగ్గా ఒప్పుకోను. పైగా వీళ్ళిద్దరి నడుమా మూడో మనిషి ఒకడున్నాడు. గురువు దగ్గర నేర్చి శిష్యుడికి అప్పజెప్పినవాడు. పునర్జన్మ కంటే ఆ అప్పగింతే నాకు ఆసక్తిగా ఉంటుంది. ఆయన సంగతి తర్వాత చెప్తాను.

మన ఇళ్ళలో బర్బాంక్ పేరు ఎవరికైనా తెలిసిందంటే అది ‘ఒక యోగి ఆత్మకథ’ చలవే. పరమహంస యోగానంద 1946లో వెలువడిన ఆ పుస్తకాన్ని బర్బాంక్‌కే అంకితమిచ్చాడు, ఆయన మీద ఒక అధ్యాయమూ రాశాడు. అందులో కనిపించే బర్బాంక్, జెముడు మొక్కకు నీకిక ముళ్ళక్కర్లేదని ప్రేమగా నచ్చజెప్పి ముళ్ళు మానిపించిన సాధువు. చదవడానికి బాగుంటుంది. నాకు మాత్రం ఆ సాధువు కంటే, ఒప్పుకున్న ఆర్డరు గడువులోగా తీర్చడానికి రాత్రింబవళ్ళు తంటాలు పడ్డ నర్సరీ బర్బాంక్ మీద గురి ఎక్కువ.

ఆయన 1849లో మసాచుసెట్స్‌లో పుట్టాడు. కుర్రతనంలోనే ఒక బంగాళాదుంప రకం తీసి, దాని హక్కులు 150 డాలర్లకు అమ్ముకుని, ఆ సొమ్ముతో 1875లో కాలిఫోర్నియా చేరాడు. ఆ దుంప వంశంలోదే ఇవాళ ఫ్రెంచ్ ఫ్రైస్‌కి వాడే రస్సెట్ బర్బాంక్. లోకమంతా తింటోంది, ఆయన చేతికి వచ్చింది మాత్రం ఆ 150 డాలర్లే. శాంటా రోజాలో చిన్న నర్సరీ పెట్టుకున్నాడు. 1881 మార్చిలో పెటలూమా ఊరి నుంచి వారెన్ డటన్ అనే షావుకారు వచ్చి, ఆ ఏడాది చివరికల్లా తనకు 20,000 ప్రూన్ అంటు మొక్కలు కావాలన్నాడు. ప్రూన్ అంటే ఎండబెట్టే ప్లమ్. ఏ నర్సరీ వాడిని అడిగినా రెండేళ్ళు పడుతుందని చెప్పే పని అది. టెంక నాటాలి, అది మొలవాలి, కాండం పెన్సిలంత లావెక్కాలి, అప్పుడు గానీ కన్ను అంటు కట్టడం కుదరదు.

బర్బాంక్ ఇక్కడే తెలివి చూపించాడు. ప్లమ్ టెంక మొలవడానికి నెలలు తీసుకుంటుంది. దాని దాయాది బాదం మాత్రం తడి ఇసుకలో వేస్తే త్వరగా మొలకెత్తుతుంది. ఆయన బాదం గింజలు తెప్పించి, ఇసుక పరుపుల్లో మొలిపించి, ఒక్కొక్క మొలకనూ తీసి నారుమడిలో నాటించాడు. జూన్, జూలై నెలలకు అవి అంటుకు అందివచ్చాయి. కూలీలను పెట్టి వాటి మీద ప్రూన్ కన్నులు కట్టించాడు. కన్ను అతుక్కోగానే బాదం తలను తుంచకుండా, విరిచి పక్కకు వంచేశాడు. ఆకులు వేళ్ళకు తిండి పెడుతూనే ఉంటాయి, బలం మాత్రం కన్నుకు మళ్ళుతుంది. డిసెంబరు 1 నాటికి 19,500 మొక్కలు అప్పజెప్పాడు. మిగతావి మరుసటి ఏడు ఇచ్చాడు. మా నూజివీడు మామిడి తోటల్లో అంటు కట్టే పెద్దవాళ్ళకు ఈ కథ చెబితే, చివరి వరకూ విని, విరిచి వంచడం దగ్గర మాత్రం ‘శభాష్’ అంటారు. మిగతాదంతా వాళ్ళకు తెలిసిన పనే.

1885లో ఆయన రెండు పనులు చేశాడు. దగ్గర్లోని సెబాస్టపోల్‌లో ప్రయోగాల కోసం పొలం కొన్నాడు, జపాన్ నుంచి ప్లమ్ మొక్కలు తెప్పించాడు. టెంక పండ్ల చరిత్రలో ఆ పడవ సరుకు పెద్ద మలుపు. యూరపు ప్లమ్‌లో క్రోమోజోములు 48, జపాన్ ప్లమ్‌లో 16. ఆప్రికాట్‌లోనూ 16. లెక్క సరిపోయింది గనుకే జపాన్ ప్లమ్‌కీ ఆప్రికాట్‌కీ పెళ్ళి కుదిరి పిల్లలు పుట్టారు. ఈ లెక్క బర్బాంక్‌కి తెలియదు, ఆ రోజుల్లో ఎవరికీ తెలియదు. ఆయన చేతికి తెలిసింది. ఇలాంటి కలయిక అసాధ్యమని పండితులు కొట్టిపారేశారట. నిజానికి ప్రకృతి ఆ పని ఏనాడో చేసి ఉంచింది. కాశ్మీరులో, మధ్య ఆసియాలో పెంచే నల్ల ఆప్రికాట్ అలా పుట్టిన బిడ్డే. దాని తల్లిదండ్రుల్లో ఒకటి ఆప్రికాట్, రెండోది చెర్రీ ప్లమ్.

ఆయన పద్ధతిలో నాకు బాగా నచ్చినది కొమ్మల మీద కాపు చూడడం. ఒక సంకర టెంకను నాటి దాని పండు తినాలంటే ఏళ్ళు ఆగాలి. అందుకని ఆయన మొలకగా ఉండగానే దాని పుల్ల కోసి, బాగా ఎదిగిన చెట్టు కొమ్మకు అంటు కట్టేసేవాడు. ఒక్క చెట్టు మీద వందల మొలకల పుల్లలు. కొమ్మకొక రుచి, రెమ్మకొక రంగు. ఏడెనిమిదేళ్ళ నిరీక్షణ రెండు మూడేళ్ళకు తగ్గేది. నచ్చిన ఒకటి రెండు ఉంచి తతిమ్మా వేలకు వేల మొక్కలు పీకించి గుట్టలు పోసి తగలబెట్టించేవాడు. ఊళ్ళో వాళ్ళకు ఆ మంటలు వింతగా ఉండేవి. అలా వడపోసిన వాటిలో 1906లో బయటికొచ్చిన శాంటా రోజా ప్లమ్ ఒకటి. వందేళ్ళు దాటినా దానికి దీటైన ప్లమ్ రాలేదని పట్టుబట్టేవాళ్ళున్నారు. వాళ్ళలో నేనొకదాన్ని.

ఇంత చేసినవాడికి పద్దు రాసే అలవాటు లేదు. 1905లో కార్నెగీ సంస్థ ఏడాదికి 10,000 డాలర్ల చొప్పున ఇస్తామని ముందుకొచ్చి, ఆయన పనిని శాస్త్రీయంగా నమోదు చెయ్యడానికి జార్జ్ షల్ అనే యువ శాస్త్రవేత్తను పంపింది. తర్వాత మొక్కజొన్న సంకరాలతో పేరు మోసిన షల్ ఆయనే. ఏ చెట్టు పుప్పొడి ఏ పువ్వుకు వేశారు, ఎన్ని కాయలు పట్టాయి, ఎన్ని మొలిచాయి అని ఆయన అడగాలి, ఈయన చెప్పాలి. ఈయనకు అంతా కళ్ళలోనూ నాలుక మీదా ఉంది గానీ కాగితం మీద లేదు. 1909లో సొమ్ము ఆపేశారు. దాన్ని పట్టుకుని బర్బాంక్‌ని మాంత్రికుడన్నవాళ్ళున్నారు, మోసగాడన్నవాళ్ళూ ఉన్నారు. రెండూ తప్పేనని నా అభిప్రాయం. ఆయన చెయ్యి తిరిగిన తోటమాలి. తోటమాలికి పండే రుజువు. ఆ రుజువు తోటి శాస్త్రవేత్తకు ఎందుకూ పనికిరాదు, అదీ నిజమే.

ఇక ప్లమ్‌కాట్ సంగతి. రట్లాండ్, ఏపెక్స్ వంటి పేర్లతో కొన్ని రకాలు నర్సరీల దాకా వచ్చాయి. రైతులు కొద్దిగా వేసి చూశారు. పూత బాగానే పూసేది, కాయ నిలిచేది కాదు. నిలిచిన కాయ పండితే అంత మెత్తటి పండు రైలెక్కి దూరం పోయేది కాదు. చెట్టుకు బుట్టెడు కాసే దానికి ఎకరాలు ఎవరిస్తారు? ప్లమ్‌కాట్ తోటల్లోంచి జారిపోయి కొందరి పెరళ్ళలో మిగిలింది.

ఆ కాలం కాలిఫోర్నియా ఎలా ఉండేదో చెప్పాలంటే సన్నీవేల్ గురించి చెప్పాలి. ఇవాళ సన్నీవేల్ అంటే మనవాళ్ళకు ఆఫీసులు, అపార్టుమెంట్లు, ఇడ్లీ దొరికే హోటళ్ళు. అప్పట్లో ఆ శాంటా క్లారా లోయ అంతా ప్రూన్, ఆప్రికాట్, చెర్రీ తోటలే. ఫ్రాన్స్ నుంచి వచ్చిన లూయీ పెల్లియే అనే ఆయన శాన్ హోసేలో నర్సరీ పెట్టుకుంటే, 1856లో ఆయన తమ్ముడు పియేర్ స్వదేశం నుంచి ప్రూన్ పుల్లలు తెచ్చాడు. ఆ లోయ ప్రూన్ తోటలకు అదే మూలం. తర్వాత ఎండబెట్టే కళ్ళాలు, డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలు వచ్చాయి. సన్నీవేల్‌లో లిబ్బీస్ ఫ్యాక్టరీ నీళ్ళ ట్యాంకు మాత్రం ఇంకా నిలబడి ఉంది. దాన్ని పండ్ల ముక్కల డబ్బాలా రంగులేసి ఉంచారు, చుట్టూ ఆఫీసులు. మా అబ్బాయి మొదట కాపురం పెట్టింది అక్కడికి దగ్గర్లోనే. నగరపాలక సంస్థ వాళ్ళు పాత జ్ఞాపకంగా ఒక ఆప్రికాట్ తోటను కూడా పార్కులో కాపాడుతున్నారు. బ్లెన్‌హైమ్ రకం. జూన్ నెలాఖరులో దాని పక్కగా నడిస్తే వచ్చే వాసనకు హైదరాబాదు పెళ్ళిళ్ళలో తిన్న ఖుబానీ కా మీఠా గుర్తుకు రాకుండా ఉండదు. ఆ ఎండు ఖుబానీ ఈ ఆప్రికాటే.

డబ్బాలో నింపేవాడికి కావలసింది ఒకే సైజు, ఒకే రంగు, ఒకే వారంలో కోత. రైలుకెక్కించేవాడికి కావలసింది రాయిలాంటి కాయ. ఈ ఇద్దరి లెక్కలోనూ రుచికి చోటు లేదు. బర్బాంక్ పండ్లలో ఈ ఇద్దరికీ నచ్చినవి బతికాయి, తతిమ్మావి మరుగున పడ్డాయి.

కొత్త రకం తీసినవాడికి దక్కేదేమిటన్నది ఇంకో చిక్కు. యంత్రం కనిపెడితే పేటెంటు ఉంది. చెట్టుకు లేదు. ఒక్క పుల్ల చేతికి చిక్కితే ఎవడైనా లక్ష అంట్లు కట్టుకోవచ్చు. బర్బాంక్ బతికినన్నాళ్ళూ ఈ బాధ చెప్పుకుంటూనే ఉన్నాడు. ఆయన పోయిన నాలుగేళ్ళకు, 1930లో, అమెరికా ప్రభుత్వం మొక్కల పేటెంటు చట్టం తెచ్చింది. ఎడిసన్ అంతటివాడు దాన్ని బలపరిచాడు. బర్బాంక్ పేరు మీద, ఆయన పోయాక, పదికి పైగా పేటెంట్లు ఇచ్చారు. తమాషా ఏమిటంటే, దుంపల ద్వారా పెరిగే మొక్కలకు ఆ చట్టం వర్తించదు. ఆయనకు లోకంలో అంత పేరు తెచ్చిన బంగాళాదుంప ఆయనకు పేటెంట్లిచ్చిన ఆ చట్టంలోకే రాలేదు.

ఇప్పుడు ఆ మూడో మనిషి. ఫ్రెడ్ ఆండర్సన్. కుర్రతనంలో బర్బాంక్ దగ్గర పని నేర్చుకుని, మెర్సెడ్ దగ్గర తోటలు వేసుకుని, జీవితమంతా నెక్టరిన్ మీద ధారపోసిన మనిషి. చేతిలో పట్టేంత చిన్న, పగుళ్ళ కాయగా ఉన్న నెక్టరిన్‌ని బజారు పండుగా మార్చింది ఆయనే. ‘లె గ్రాండ్’ అనే ఆయన రకం చాలాకాలం ఏలింది. 1950లలో, డేవిస్ విశ్వవిద్యాలయంలో మొక్కల తెగుళ్ళు చదువుకున్న జైగర్ ఈయన దగ్గర కొంతకాలం పనిచేశాడు. పువ్వు విప్పడం, పుప్పొడి దాచడం, వేల మొలకల్లో ఒక్కదాన్ని గుర్తుపట్టడం అక్కడ చేతికొచ్చాయి. పుస్తకంలో రాసి ఇచ్చే విద్య కాదది. పక్కన నిలబడి చూడాల్సిందే.

జైగర్ మాంద్యం రోజుల్లో బీదరికంలో పెరిగినవాడు. భార్య బెట్టీతో కలిసి మొడెస్టోలో స్థిరపడి కొత్త పండ్ల రకాలు తీసే పని పెట్టుకున్నాడు. తర్వాత పిల్లలు గ్యారీ, లీత్, గ్రాంట్ ముగ్గురూ అందులోనే దిగారు. ఇంటిల్లిపాదీ చేసే వ్యవసాయంలాగే నడిచింది ఆ ప్రయోగశాల. పెద్ద పెద్ద కుండీల్లో చెట్లు పెంచి, వేర్వేరు వేళల్లో పూసే రకాలను ఒకేసారి పూయించడానికి గ్లాస్ హౌస్‌లోకి జరుపుకునేవారు. పనివాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. పువ్వు పూర్తిగా విచ్చుకోకముందే రెక్కలూ కేసరాలూ ఊడదీసి నడుమ కీలం ఒక్కటే మిగల్చాలి. కీలం చివర జిగురెక్కే వేళ చూసి, దాచి ఉంచిన పుప్పొడిని చిన్న కుంచెతో అద్దాలి. అద్దిన ప్రతి పువ్వూ కాయ కాదు. కాసిన కాయ టెంకను చలిలో మాగబెట్టి మొలిపించాలి, మొలిచిందాన్ని పొలంలో పెట్టి మూడు నాలుగేళ్ళు చూడాలి. బాగుందనుకున్న దాన్ని మళ్ళీ ఇంకోదానితో కలపాలి. ఒక్క రకం దుకాణానికి చేరేసరికి పది పదిహేనేళ్ళు మామూలు. ఇందులో జన్యువులు కోసి అతికించడమేమీ లేదు. ప్లువాట్ జన్యుమార్పిడి పండేమోనని గుళ్ళో ప్రసాదం దగ్గర నన్ను అడిగినవాళ్ళున్నారు. కాదు. తుమ్మెద చేసే పనే, మనిషి ఎంచి చేస్తాడు.

బర్బాంక్ ప్లమ్‌కాట్‌లో సగం ప్లమ్, సగం ఆప్రికాట్. జైగర్ అక్కడ ఆగకుండా దాన్ని మళ్ళీ ప్లమ్‌కే ఇచ్చి, వచ్చినవాటిని ఒకదానితో ఒకటి కలుపుతూ తరాల తరబడి పోయాడు. అలా ప్లమ్ పాలు ఎక్కువైనది ప్లువాట్, ఆప్రికాట్ పాలు ఎక్కువైనది ఏప్రియం. ముప్పాతిక, పాతిక అని మామూలుగా చెబుతారు గానీ ఇన్ని తరాల తర్వాత ఆ లెక్క ఉజ్జాయింపే. రెండు పేర్లనూ ఆయన ట్రేడ్‌మార్కు చేయించాడు. 1980ల చివర ఫ్లేవర్ సుప్రీమ్, ఫ్లేవర్ క్వీన్ బయటికొచ్చాయి. తర్వాత ఫ్లేవర్ కింగ్, డాపుల్ డాండీ, ఫ్లేవర్ గ్రెనేడ్.

ఏమిటంట ఇందులో గొప్ప? జపాన్ ప్లమ్‌లో పులుపు తొక్కలోనూ టెంక చుట్టూనూ పొంచి ఉంటుంది. మొదటి కొరుకు తీపి, చివర ముఖం చిట్లింపు. ప్లువాట్‌లో ఆ తొక్క పులుపు తగ్గి, ఆప్రికాట్ నుంచి తీపీ వాసనా కలిసొచ్చాయి. మా పెరట్లో ఫ్లేవర్ కింగ్ ఆగస్టు నడిమికి వస్తుంది. కాయ గట్టిగా ఉండగానే నల్లబడిపోతుంది. రంగు చూసి కోస్తే పచ్చి. తొక్క మీది తెల్లటి పొడి వేలితో తుడిస్తే ముదురు ఎరుపు మెరవాలి, తొడిమ దగ్గర బొటనవేలితో నొక్కితే కొద్దిగా లోపలికి పోవాలి. అప్పుడు కోసి చాకు పెడితే లోపలంతా చిక్కటి ఎరుపు, గిన్నె పట్టుకోకపోతే జాకెట్టు చేతులు పాడైపోతాయి. రుచిలో లవంగం పొడి తగిలినట్టు ఒక ఘాటు. అది శాంటా రోజా నుంచి వచ్చిన గుణమని నా నాలుక చెబుతుంది. గుజ్జు టెంకను వదలదు, చీకాల్సిందే. మామిడీ టెంక పండే కదా, మనకు నేర్పక్కర్లేదు.

బజారు ఈ పండును ఈసారి వదల్లేదు. కాలిఫోర్నియాలో ప్లువాట్ తోటలు విస్తరించాయి. డాపుల్ డాండీ పచ్చటి తొక్క మీద ఎర్ర చుక్కలు చూసి కింగ్స్‌బర్గ్ తోటలవాళ్ళు దానికి డైనోసార్ గుడ్డు అని పేరు పెట్టి అమ్మారు, పిల్లలు ఎగబడ్డారు. కానీ దుకాణంలో రకం పేరు ఉండదు. ‘ప్లువాట్’ అని ఒక చీటీ, దాని కింద జూన్ నుంచి సెప్టెంబరు దాకా వారానికొక రకం పోస్తారు. నిరుడు బాగున్నది ఈసారి చప్పగా ఉంటే మనిషి పండును తిట్టుకుంటాడు. పైగా గట్టిగా ఉండగానే కోసింది. కోశాక మెత్తబడుతుంది గానీ తీపి పెరగదు. ముప్ఫై ఏళ్ళు రుచి కోసం పాటుపడి తీసిన పండును వారం ముందు కోసి అమ్మితే ఇక ఆ పాటు ఎవరికి దక్కినట్టు?

పెరటివాళ్ళకు దక్కింది. అది యాదృచ్ఛికం కాదు. జైగర్ మొదటి నుంచీ ఇళ్ళవాళ్ళనూ లెక్కలో పెట్టుకున్నాడు. పొట్టిగానే ఉండే హనీ బేబ్ పీచ్, కుండీలో పెరిగే గార్డెన్ ప్రిన్స్ బాదం ఆయనవే. ప్లమ్‌నీ పీచ్‌నీ కలిపి సైటేషన్ అనే వేరుమూలం తీశాడు, దాని మీద కట్టిన అంటు మరీ ఎత్తు పోదు. ఆయన రకాలను నర్సరీలకు చేర్చింది మొడెస్టో పక్కనున్న హిక్‌మన్‌లోని డేవ్ విల్సన్ నర్సరీ. 1938 నాటిది. వాళ్ళు రుచి పరీక్షలు పెట్టి, వచ్చినవాళ్ళ చేత పండ్లు తినిపించి మార్కులు వేయించేవారు. దాంతోపాటు పెరటి తోటకొక కొత్త పద్ధతిని ప్రచారంలో పెట్టారు. ఒకే గోతి చుట్టూ మూరెడు దూరంలో మూడు నాలుగు వేర్వేరు రకాలు నాటడం. వేసవిలో కత్తిరించి, మనిషి చెయ్యి అందేంత ఎత్తులోనే ఉంచడం. ఒకటి జూన్‌లో, ఒకటి జూలైలో, ఒకటి ఆగస్టులో. నిచ్చెన అక్కర్లేదు. ఒక్క చెట్టు రెండు బస్తాలు ఒకేసారి కాసి వీధి వీధికీ పంచే గొడవ ఉండదు. తోట పంటకు శీతాకాలం కత్తిరింపు, ఇంటి చెట్టుకు వేసవి కత్తిరింపు. తేడా అంతా అక్కడే. చలికాలం కత్తిరిస్తే చెట్టు రెచ్చిపోయి పెరుగుతుంది, వేసవిలో కత్తిరిస్తే తగ్గి ఉంటుంది.

సన్నీవేల్ అద్దెలు భరించలేక మా అబ్బాయి ట్రేసీలో ఇల్లు కొన్నాక నేనూ అలాగే నాటించాను. నూజివీడులో తోట చూసుకునే మా తమ్ముడు వీడియో కాల్‌లో అది చూసి నెత్తి బాదుకున్నాడు.

“అక్కా, ఒకే గోతిలో నాలుగా? మామిడికి ముప్ఫై అడుగులు వదిలిన నాన్న చూస్తే ఏమంటాడు?”

“ఏమంటాడ్రా, నీ తోటలో ఇప్పుడు ఎంత దగ్గరగా పెట్టావో ముందు చెప్పమంటాడు.”

వాడు మాట మార్చి, పూతకి ఏం కొడుతున్నావని అడిగాడు. అక్కడ పూత కోసం కల్టార్ మందు పోయడం మామూలైపోయింది కదా. ఇక్కడ పూత తెప్పించేది చలి. ప్లువాట్ రకాలు చాలావాటికి శీతాకాలంలో 7 డిగ్రీల కన్నా తక్కువ చలి 400 నుంచి 600 గంటలు పట్టాలి. అప్పుడే మొగ్గ నిద్ర చాలించి సక్రమంగా విచ్చుకుంటుంది. ట్రేసీ నుంచి మొడెస్టో దాకా ఉన్న ఈ లోయలో డిసెంబరు, జనవరి నెలల్లో టూలే అనే దట్టమైన పొగమంచు పడుతుంది. కారు నడిపేవాడు దాన్ని తిట్టుకుంటాడు. పండ్ల చెట్లకు మాత్రం అదే గొడుగు, పగటి ఎండ మొగ్గలకు తగలనివ్వదు. మంచు తక్కువ పడిన శీతాకాలాల తర్వాత పూత చెదురుమదురుగా వచ్చి పిందె నిలవడం తగ్గిన సంగతి ఇక్కడి రైతులంతా చెబుతారు.

మరో నియమం. ప్లువాట్లలో చాలావాటికి సొంత పుప్పొడి పనికిరాదు. దగ్గరలో ఇంకో ప్లువాటో, జపాన్ ప్లమ్మో పూయాలి. ఆ పనికి అందరూ మొదట చెప్పే పేరు శాంటా రోజా. మా పెరట్లోనూ అదే ఉంది. ఫిబ్రవరి నెలాఖరులో ఈ రెండూ తెల్లగా పూసి, తేనెటీగలు దీని మీంచి దాని మీదికి ఎగురుతుంటే, 1906 నాటి బర్బాంక్ చెట్టు జైగర్ చెట్టుకు ఏటేటా కాపు ఇస్తోందన్నమాట. చెట్టు నిలబడి ఉన్నంత వరకూ ఆ ఇద్దరి భాగస్వామ్యం నడుస్తూనే ఉంటుంది.

ఏప్రిల్‌లో పిందెలు గుత్తులుగా పడితే జానెడుకు ఒకటి మిగిల్చి తక్కినవి తుంచాలి. లేకపోతే కాయ ఊరదు, కొమ్మ విరుగుతుంది. ఇక్కడివాళ్ళు తుంచినవి చెత్తలో వేస్తారు. పక్కింటి ఇరానీ ఆవిడ మాత్రం ఉప్పు అద్దుకుని కరకర నమిలేస్తుంది. నేను కాస్త ముదిరేదాకా ఆగి తుంచి, పచ్చిమిరపకాయలు వేసి రోటి పచ్చడి చేస్తాను, పప్పులో వేస్తాను. మామిడికాయ పప్పు కాదు, కానీ కందిపప్పుకు పులుపు కావలసిన రోజున దాన్ని వంక పెట్టడానికేమీ లేదు.

జైగర్ 2020 జూన్ 2న, 94 ఏళ్ళ వయసులో మొడెస్టోలోనే పోయాడు. వందలకొద్దీ రకాలు వదిలి వెళ్ళాడు. ప్లమ్‌కీ చెర్రీకీ పుట్టిన ప్లువెర్రీ, పీచ్, ఆప్రికాట్, ప్లమ్ మూడూ కలిసిన పీకోటమ్ కూడా వాటిలో ఉన్నాయి. తేనెటీగల ఖర్చు తగ్గించే ఇండిపెండెన్స్ అనే బాదం కూడా ఆయనదే, అది ఇప్పుడు ఇక్కడ వేల ఎకరాల్లో ఉంది. మొక్కల పేటెంటు ఇప్పటి లెక్కన దరఖాస్తు పెట్టిన నాటి నుంచి 20 ఏళ్ళు. ఫ్లేవర్ కింగ్ వంటి పాతవాటికి ఆ గడువు తీరిపోయింది, వాటి పుల్ల ఎవరైనా అంటు కట్టుకోవచ్చు. కొత్తవాటికి కూడదు. 1968లో మొదలైన కాలిఫోర్నియా రేర్ ఫ్రూట్ గ్రోయర్స్ సంఘం శాఖలు ఏటా జనవరి ప్రాంతంలో పుల్లల పంపకం పెడతాయి. బల్లల నిండా సంచుల్లో పేర్లు రాసిన పుల్లలు, పక్కన అంటు కట్టి చూపించే పెద్దవాళ్ళు. మనవాళ్ళు అక్కడ ఈమధ్య బాగానే కనిపిస్తున్నారు. నలుగురు తెలుగువాళ్ళం కలిస్తే ముందు అడిగేది ఏ ఊరని, తర్వాత ఏ చెట్టని.

కాలిఫోర్నియాలో చారెడు నేల ఉన్నవాళ్ళకు ఒక మాట. జనవరిలో మట్టి లేకుండా ఉత్త వేళ్ళతో అమ్మే మొక్కలు వస్తాయి, కుండీ మొక్క కంటే చవక, బాగా నిలదొక్కుకుంటాయి. శాంటా రోజా ఒకటి, ఫ్లేవర్ కింగ్ ఒకటి కొనండి. చీటీ మీద రకం పేరూ వేరుమూలం పేరూ రెండూ లేని మొక్క తీసుకోకండి. నాటగానే మోకాలి ఎత్తుకు నరకండి, జాలిపడకండి. రెండో ఏడు పిందె వేస్తే తుంచేయండి. హైదరాబాదులోనూ విజయవాడలోనూ ఉన్నవాళ్ళు ఆన్‌లైన్‌లో ప్లువాట్ మొక్క అని అమ్మేది చూసి డబ్బు పోగొట్టుకోవద్దు. అక్కడి చలికి అది ఆకులు వేస్తుందేమో గానీ కాయదు. మీకు నీలం, దశేరి మామిళ్ళను కలిపి తీసిన మల్లిక ఉంది, దాన్నే నాటుకోండి.

అమెరికా చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు గోల్డెన్ గేట్ చూసిన రోజునే ఉత్తరానికి ఇంకో గంట ప్రయాణం చేస్తే శాంటా రోజాలో బర్బాంక్ ఇల్లూ తోటా ఉన్నాయి. ఆయన్ను ఆ ఆవరణలోనే పాతిపెట్టారు. సెబాస్టపోల్ పొలంలో మిగిలిన కొద్ది ఎకరాలను అక్కడి చరిత్ర సంఘంవాళ్ళు చూసుకుంటున్నారు. ఒకసారి చూసి రండి.